రాయి చెప్పది

నయీంనగర్‌ల రెండో అంతస్తు.
మెట్లెక్కుతుంటె నాయిన రెండుసార్లు ఆగిండు.
దమ్ము తీసుకుంట గోడ మీద యేళ్లతోని కొట్టి
"టైల్సు. లోపలంత బోలు" అన్నడు.

కొంరెల్లికి ప్రమోషనొచ్చిందని పోయినం.
బల్ల నడుమ గుంత, గుంతల నల్లబండ,
బండ కింద ఎర్రగ తీగెలు.
పచ్చి యాటతునకలు పళ్లెం నిండ పరిచి తెచ్చిండు పిలగాడు,
పర్కాల దిక్కోడట, మణికట్టు మీద కాలిన మచ్చ.
"మీరే కాల్చుకోవాలె పెద్దయ్యా."
నాయిన నా మొఖం చూసిండు.
"వండేది మనం,
పైసలు వాళ్లకా?"

"ఇది ఇటలీ రాయి" అన్నడు పిలగాడు
బళ్లె ఎక్కం అప్పజెప్పినట్టు.
నాయిన చెంచ తిరగేసి
బండ అంచు మీద మూడు దెబ్బలు కొట్టిండు,
ఎవలో నిద్రపోతున్న ఇంటి తలుపు కొట్టినట్టు, మెల్లగ.
కుడి చెవు క్వారీల మందు పేలిననాడే పోయింది.
ఎడమ చెవు వంచిండు.
"గంగాధర దిక్కుది బిడ్డా.
ఇటలీకి ఎప్పుడు పోయొచ్చిందో మరి."

మొదటి తునక పడ్డది. చుయ్యిమన్నది.
పక్క బల్లకాడ పుట్టినరోజోళ్లు ఫోన్లు లేపిండ్రు.

ధర్మసాగరం తొవ్వల
పాత లారీ టైర్లు బండ మీద పేర్చి
రాత్రి అంటువెట్టేటోళ్లు.
తెల్లారేసరికి బండ పొక్కేది, అప్పడం లెక్క.
ఆదివారమైతె అమ్మ ఆ యేడి మీదనే కార్జం కాల్చి
ఎల్లిపాయ కారం రాసి
మోదుగాకుల పెట్టిచ్చేది.
రబ్బరు వాసనొస్తదని నేను ఉమ్మేసేదాన్ని.
ఉమ్మేసింది దులుపుకొని తనే తినేది.

నిమ్మకాయ పిండుకున్న. 
మళ్ల పిండుకున్న.

చిన్నది బండ మీదికి చెయ్యి చాపింది.
నాకంటె ముందు నాయిన చెయ్యి అడ్డం పడ్డది.
"ఇనుము కాలితె ఎర్రగయ్యి చెప్తది తల్లీ,
రాయి చెప్పది."
కాలిందా నాయినా, అంటె
"ఏమో" అన్నడు,
ఆ చెయ్యిని ఎవలిదో సామాను లెక్క తిప్పి చూసుకుంట.

తిన్నం. కొంరెల్లి పైసలు కట్టిండు.
పిలగాడు తడిబట్ట పట్టుకొని వచ్చిండు.
నాయిన చెంచ కొసతోని
నూనె జిడ్డు మీద అడ్డంగ ఒక గీత గీసిండు.
"గీడ నరమున్నది. యేడి మీద నీళ్లు తాకనియ్యకు.
పగిలితె నీ దిక్కే ఎగురుతది."
పిలగాడు మేనేజరు దిక్కు చూసిండు.
మేనేజరు తలుపుకాడి మంది దిక్కు చూసిండు.
"టైం లేదు పెద్దయ్యా, ఎనుక లైనున్నది."

"అయితె చాయ తే."
"చాయ ఉండదిక్కడ."
"నీళ్లు తే మరి. తాగనీకె."

ఒక గిలాస తాగిండు, గుటక గుటకకు ఆగుకుంట.
ఇంకోటి అడిగిండు.
చిన్నది నా ఒళ్లె నిద్రపోయింది.
లైన్ల నిలబడ్డ ఒకామె గడియారం చూసుకున్నది,
మమ్ములను చూసింది, మళ్ల గడియారం చూసుకున్నది.
కొంరెల్లి నా కాలు తొక్కిండు:
లేపు మీ నాయినను, ఇజ్జతి పోతున్నది.

నేను లేపలే.
నాయిన బండను చూస్తున్నడు,
బండ మీద నూనె తెల్లగ పేరుకుంటుండె.

మూడో గిలాస అయినంక
అరచెయ్యి పూర్తిగ పరిచి బండ మీద పెట్టిండు,
చిన్నప్పుడు నాకు జ్వరమొస్తె
నుదురు మీద పెట్టినట్టు.
అట్లనే కొద్దిసేపు ఉంచి, 
"ఇగ తుడువు" అన్నడు.

పిలగాడు ఏమనలే. తుడిచిండు.
ఆ గీత కూడ పోయింది.

మెట్లు దిగుతున్నం,
నాయిన ముందు, గోడను పట్టుకోకుంట.
మీద ఎవలో స్విచ్చేసిండ్రు.
కిందికొచ్చి బండి తీసేదాక
నేను ఆ పక్కకే చెవు పెట్టి ఉన్న.